ఇల్లు వెంట వస్తే ఇంటిపనీ వెంట వస్తుంది

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాం. నాకు 54 ఏళ్ళు, మావారికి 58. పిల్లలిద్దరూ చదువులకు వెళ్ళిపోయారు. జూన్ ఆఖరి వారంలో విమానంలో లాస్ వేగస్ వెళ్ళి, అక్కడ ఆర్‌వీ, అంటే వంటిల్లూ పడకలూ ఉన్న ఇల్లులాంటి పెద్ద బండి, అద్దెకు తీసుకుని, ఎనిమిది రోజుల్లో డెత్ వ్యాలీ, జాయన్, బ్రైస్, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్, సెడోనా, జాషువా ట్రీ అన్నీ చూసి రావాలని ఆయన పట్టుబట్టారు. ఎండ సంగతి ఎత్తితే, "కొత్తగూడెం ఎండల్లో పెరిగినవాణ్ణి, నాకిదొక లెక్కా" అంటారు. ఆయన బీపీకి రోజూ మాత్రలు వేసుకుంటారు. మేము శాకాహారులం. దారిలో తిండి దొరకదు కాబట్టి బండిలోనే వండుకుందామంటున్నారు, అంటే నన్ను వండమని. నాకేమో కారులో తిరుగుతూ హోటళ్ళలో దిగాలని ఉంది. మా ఇద్దరిలో ఎవరి మాట సబబు? మీ జవాబు ఆయనకు చూపించవచ్చా?

సమాధానం: అమ్మా, బండి విషయంలో మీవారి మాట సబబు, నెల విషయంలో మీ మాట సబబు. వంట విషయంలో మాత్రం మీరిద్దరూ ఇంకా లెక్క వేసుకోలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఈ మాట తీర్పరిగా చెప్పడం లేదు. పదకొండేళ్ళ కిందట సరిగ్గా మీవారి లాంటి జాబితా చేత పట్టుకుని, జూలై నెలలో, మా ఆవిడను ఒప్పించి కాదు, ఒప్పుకునేదాకా విసిగించి బయల్దేరినవాణ్ణి నేను. ఫీనిక్స్ శివార్లలో ఉంటున్నవాణ్ణి కాబట్టి ఎడారి నాకు తెలుసనే ధీమా ఉండేది. ఎయిర్ కండిషనర్ ఉన్న ఇంట్లోంచి ఎయిర్ కండిషనర్ ఉన్న కారులోకి నడిచే మనిషికి ఎడారి ఎంతవరకు తెలుస్తుందో ఆ వారంలో నాకు అర్థమైంది.

ముందు ఎండ సంగతి చూద్దాం. కొత్తగూడెం ఎండను తక్కువ చేయను. నేను రెంటచింతల పక్క ఊరివాణ్ణి, ఆ విషయంలో ఎవరికీ తీసిపోను. అయితే మన ఊళ్ళలో ఎండ తగిలితే ఒళ్ళు చెమటతో తడిసి, చొక్కా వీపుకు అంటుకుని, ఇక నీడకు పొమ్మని శరీరమే చెబుతుంది. ఇక్కడి ఎడారిలో వేసవి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ పది శాతం లోపుకు పడిపోతుంది కనుక చెమట పట్టినట్టే తెలియకుండా ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, మనిషి మాత్రం లోపల ఎండిపోతూ ఉంటాడు. దాహం వేసి నీళ్ళు అడిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. అందుకే ఎడారి పార్కుల్లో మనిషికి రోజుకు కనీసం ఒక గాలను, అంటే దాదాపు 3.8 లీటర్ల నీళ్ళు తాగడానికే ఉంచుకోమంటారు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం ఒకటి ఉంది. మీవారిది ఆ రకమైతే ఒంట్లో నీరు మరింత త్వరగా తగ్గుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఎంత తాగవచ్చన్నది కూడా బీపీ ఉన్నవారు సొంతంగా తేల్చుకోవలసిన విషయం కాదు. బయల్దేరే ముందు ఆయన మాత్రల పేర్లతో డాక్టరును ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

ఇక ఎండలో బండి పరిస్థితి మనిషి కంటే మెరుగ్గా ఏమీ ఉండదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్, లేదా అంతకంటే ఎక్కువ నమోదైంది. అలాంటి రోజున ఆర్‌వీ గోడలు ఎంతటివో ఆలోచించండి. మన మట్టిమిద్దెలకూ ఇక్కడి నవాహో ఆదివాసుల మట్టి ఇళ్ళకూ ఉన్న దళసరి గోడలు దీనికి ఉండవు. రెండు పలుచని పలకల మధ్య కాస్త నురుగు దట్టించి ఉంటుంది, అంతే. పైనున్న ఏసీ రోజంతా ఆగకుండా తిరిగినా లోపలి వేడిని 85, 90 ఫారెన్‌హీట్ దాకా తేవడమే గగనం. ఆర్‌వీలలో చాలావాటికి 30 ఆంపియర్ల కరెంటు మాత్రమే వస్తుంది. అందులో ఏసీ ఒక్కటే పదమూడు దాకా తింటుంది, మైక్రోవేవ్ మరో పదమూడు తింటుంది, ఈ రెండూ నడుస్తుండగా కరెంటు కుక్కర్ పెట్టారంటే బండి అంతా చీకటి. ప్రొపేన్‌తో నడిచే ఫ్రిజ్ బయటి వేడి పెరిగినకొద్దీ చల్లదనం తగ్గించుకుంటూ పోతుంది. మా ప్రయాణంలో మూడో రోజుకు పాలు విరిగాయి, కొత్తిమీర నల్లబడింది, పెరుగు మాత్రం మూడు గంటల్లో గడ్డలా తోడుకుంది. ఆ వారంలో మాకు కలిసివచ్చిన సంగతి అదొక్కటే.

డెత్ వ్యాలీని జూన్‌లో పూర్తిగా మరిచిపోండి. 1913 జూలై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీలు, అంటే 56.7 సెల్సియస్, నేటికీ భూమ్మీద నమోదైన అత్యధిక గాలి ఉష్ణోగ్రతగా లెక్కలో ఉంది. చాలా అద్దె సంస్థలు వేసవి నెలల్లో తమ ఆర్‌వీలను ఆ లోయలోకి తీసుకువెళ్ళకూడదని ఒప్పందంలోనే రాస్తాయి. ఆ వాక్యం కనబడకపోతే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే అక్కడ బండి ఆగితే లాక్కొచ్చే ఖర్చు మీ మీద పడుతుంది. ఆ ప్రాంతపు ఎత్తు రోడ్లమీద ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపేయమని బోర్డులు కూడా కనిపిస్తాయి. 110 డిగ్రీల్లో ఏసీ కట్టేసి గుట్ట ఎక్కడమంటే ఏమిటో మీవారిని ఒక్క నిమిషం ఊహించమనండి.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు ఆఖరు వరకు అరిజోనాలో వానాకాలమన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు. ఆ వాన మన తొలకరిలా నిదానంగా కురవదు. ఎక్కడో కొండమీద ఒక గంటసేపు దంచితే, చుక్క రాలని చోట ఎండిన వాగు క్షణాల్లో గోడలా లేస్తుంది. 1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది యాత్రికులు కొట్టుకుపోయింది అలాంటి వరదలోనే. వాన పడింది అక్కడికి మైళ్ళ దూరాన. వరదకు అడ్డుగా పెట్టిన బారికేడ్లు దాటుకుని వాగులోకి బండి దింపి ఇరుక్కుపోయినవారి నుంచి కాపాడిన ఖర్చు వసూలు చేయవచ్చని అరిజోనాలో 1995లో చట్టం చేశారు. దానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు 'తెలివితక్కువ డ్రైవరు చట్టం'. దుమ్ము తుపాను కమ్ముకొస్తే చేయవలసింది కూడా మన అలవాటుకు పూర్తిగా విరుద్ధం. రోడ్డు దిగి వీలైనంత పక్కకు ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేకు పెడల్ మీద నుంచి కాలు తీసేయాలి. ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే వెనక వచ్చేవాడు అదే దారి అనుకుని నేరుగా వచ్చి గుద్దుతాడు.

కాబట్టి అక్టోబరు మొదటి మూడు వారాల్లో ఎప్పుడైనా వెళ్ళండి. ఏప్రిల్ కూడా మంచిదే గాని అప్పుడు గాలి చాలా ఎక్కువ, ఎత్తైన పెద్ద బండికి అడ్డగాలి మహా చికాకు. అక్టోబరులో పిల్లలు సెలవులకు ఇంటికి రారు, పార్కుల్లో వేసవి రద్దీ ఉండదు, పగళ్ళు మన సంక్రాంతి నాటి ఎండలా ఉంటాయి. డాలస్‌లో బతుకమ్మ ఆడే వారం తప్పించి తేదీలు చూసుకోండి. లేకపోతే ఈ ప్రయాణం మీద మీకు ఇంకో కోపం చేరుతుంది. అయితే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, అక్టోబరు రాత్రుల్లో అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి పడవచ్చు. పడుకునే ముందు బయటి నీళ్ళ గొట్టం విప్పి ఖాళీ చేయకపోతే పొద్దున్నకు అది వెదురు బొంగులా బిగుసుకుని ఉంటుంది. పార్కుల్లో బండ్లు ఆపి రాత్రి మకాం వేసే క్యాంప్‌గ్రౌండ్లు కొన్ని, ఆరు నెలల ముందు బుకింగు తెరిచిన రోజు పొద్దున్నే నిండిపోతాయి. జాయన్‌లో వాచ్‌మన్, గ్రాండ్ కాన్యన్‌లో మాథర్ అలాంటివి. అక్టోబరు 10కి చోటు కావాలంటే ఏప్రిల్ 10న కంప్యూటరు ముందు కూర్చోవలసిందే. మీవారికి ఉత్సాహం ఎక్కువ కాబట్టి ఆ పని ఆయనకు అప్పగించండి.

ఇప్పుడు జాబితా. ఎనిమిది రోజుల్లో ఎనిమిది చోట్లంటే రోజూ బండి కదులుతూనే ఉండాలి. కారులో హోటలుకు చేరితే తాళంచెవి తీసుకుని గదిలోకి పోతాం. ఆర్‌వీలో చేరాక బండి ఏటవాలుగా లేకుండా చూసుకుని చక్రాల కింద దిమ్మలు పెట్టి, కరెంటు తీగ తగిలించి, నీళ్ళ గొట్టం బిగించి, మురుగు గొట్టం దింపి, అరల్లో దొర్లిన డబ్బాలు సర్దుకోవాలి. పొద్దున్నే ఇదంతా తలకిందుగా మళ్ళీ చేయాలి. చేయి తిరిగినవారికి ఒక్కో విడతకు ముప్పావు గంట, కొత్తవారికి గంట పైమాటే. దానికి రెండు పూటల వంట, అంట్లు, పక్కలు సర్దడం కలిపితే రోజులో నాలుగు గంటలు ఇంటిపనికే పోతాయి. మీవారి ప్రణాళికలో మైళ్ళున్నాయి, చూడవలసిన చోట్లున్నాయి, ఈ నాలుగు గంటలు ఎక్కడా లేవు. కాగితం మీద లేని పని ఎవరి నెత్తిన పడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా ప్రయాణంలో అది పడ్డచోట మా ఆవిడ అయిదో రోజు వరకు ఏమీ అనలేదు. అయిదో రోజు మధ్యాహ్నం కాన్యన్ అంచున నేను ఫొటోలు తీసుకుంటూ ఉంటే, ఆమె బండి మెట్ల మీద కూర్చుని గిన్నెలు తుడుస్తూ, "ఇదే పని నేను ఇంట్లో కిటికీ పక్కన నిలబడి చేసుకునేదాన్ని, ఇంతదూరం దేనికి తెచ్చారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

అందుకని మూడు నాలుగు మకాములు చాలు. లాస్ వేగస్‌లో దిగిన రాత్రి హోటల్లోనే ఉండండి; విమానం దిగి అలసి ఉన్నప్పుడు కొత్త బండి తీసుకోవడం మంచిది కాదు. మర్నాడు సుమారు 160 మైళ్ళ దూరంలో ఉన్న జాయన్‌కు వెళ్ళి మూడు రాత్రులు ఉండండి. తర్వాత పేజ్ ఊళ్ళో రెండు రాత్రులు, మాన్యుమెంట్ వ్యాలీలో ఒక రాత్రి, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున రెండు రాత్రులు గడిపి, విలియమ్స్ మీదుగా తిరిగి లాస్ వేగస్ చేరితే మొత్తం దాదాపు 900 మైళ్ళు అవుతుంది. ఇది తొమ్మిది రాత్రుల లెక్క, ఎనిమిది రోజులు చాలవు కనుక ఇంకో రెండు రోజులు కలుపుకోండి. విలియమ్స్‌లో అరగంట ఆగండి; 1926లో మొదలైన పాత రూట్ 66 రహదారి మీది ఊళ్ళలో పెద్ద హైవే పక్కనుంచి వెళ్ళిపోగా అన్నిటికంటే చివరకు, 1984లో, పక్కకు పడిపోయింది ఈ ఊరే. సెడోనా, జాషువా ట్రీ ఇంకోసారి కారులో వెళ్ళదగ్గవి. బ్రైస్‌ను వదిలేయమనడానికి మాత్రం నాకే మనసు రావడం లేదు, అయినా వదిలేయండి.

ఈ మకాములనే ఎంచడానికి బలమైన కారణం ఉంది. ఆర్‌వీ మీ ఇల్లే గాక మీ దగ్గరున్న ఒకే ఒక్క వాహనం కూడా. క్యాంప్‌గ్రౌండ్‌లో గొట్టాలన్నీ తగిలించాక కాఫీపొడి అయిపోయినా ఇల్లంతా పీకి వెళ్ళాలి. జాయన్‌లో, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున పార్కువారి ఉచిత బస్సులు ఉన్నాయి కనుక బండిని కదపకుండా మూడు రోజులు తిరగవచ్చు. పేజ్‌లో యాంటిలోప్ కాన్యన్‌కు గైడుల బండ్లు ఊళ్ళోంచే తీసుకువెళ్తాయి. జాయన్ నుంచి తూర్పుగా వెళ్ళే దారిలో 1930లో పూర్తయిన 1.1 మైళ్ళ సొరంగం ఉంది. 11 అడుగుల 4 అంగుళాల కంటే ఎత్తైన, 7 అడుగుల 10 అంగుళాల కంటే వెడల్పైన బండ్లను ఇదివరకు ఎదుటి ట్రాఫిక్ ఆపి డబ్బు తీసుకుని పంపేవారు. 2026 జూన్ నుంచి ఆ దారిలో పెద్ద బండ్లకు ప్రవేశమే లేకుండా చేశారు. అద్దె ఆర్‌వీలు ఎక్కువగా ఈ కొలత దాటుతాయి. మీరు హరికేన్, ఫ్రెడోనియా ఊళ్ళ మీదుగా చుట్టు తిరిగి, పేజ్ దారిలో ఉన్న కనాబ్ చేరాలి. కారు కోసం తయారైన ఫోను మ్యాపు ఈ సంగతి మీకు చెప్పదు.

మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ కాన్యన్ నవాహో ప్రజల నేల మీద ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ పార్కులు కావు. అమెరికాలో నివసించేవారికి 80 డాలర్లకు ఇచ్చే వార్షిక పాస్ జాయన్‌లో, గ్రాండ్ కాన్యన్‌లో చెల్లుతుంది గాని ఇక్కడ చెల్లదు. మాన్యుమెంట్ వ్యాలీలో ఎర్రని రాతి స్తంభాల మధ్య తిరిగే 17 మైళ్ళ మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీని అనుమతించరు. నవాహో గైడు నడిపే బండి ఎక్కండి, ఆ డబ్బు దండగ కాదు. మా గైడు ఒక పెద్దాయన, బండి ఆపి ఒక బండరాయి మీద నీరు జారిన చార చూపించి, తన చిన్నప్పుడు గొర్రెలను ఎక్కడ ఆపేవారో చెప్పాడు. ఆ చార లేకపోతే నాకు అక్కడ రాళ్ళు తప్ప ఏమీ కనిపించి ఉండేవి కావు. ఆ నేలమీద మద్యం నిషేధం, వెంట ఉంచుకోవడం కూడా నేరమే. మీవారు ఫ్రిజ్‌లో బీరు సర్దే మనిషయితే ముందే చెప్పండి. మనుషులనూ ఇళ్ళనూ అడగకుండా ఫొటో తీయకూడదు. రాత్రిపూట ఆ రోడ్ల మీద బండి నడపవద్దు, ఆవులూ గుర్రాలూ కంచె లేకుండా రోడ్డు మీదికి వస్తాయి.

గడియారం సంగతి ఒకటి చెప్పాలి. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం ముందుకు జరపదు, కనాబ్ ఉన్న యూటా రాష్ట్రం జరుపుతుంది, అరిజోనా లోపలే ఉన్నా నవాహో ప్రాంతం కూడా జరుపుతుంది. అక్టోబరులో కనాబ్ నుంచి పేజ్‌కు వస్తే గంట వెనక్కి, పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తే గంట ముందుకు, అక్కడినుంచి గ్రాండ్ కాన్యన్‌కు వస్తే మళ్ళీ గంట వెనక్కి. ఫోను ఏ టవరు దొరికితే ఆ టైము చూపిస్తూ రోజుకు నాలుగుసార్లు మాట మారుస్తుంది. మేము సాయంత్రం అయిదింటి బండికి ఆరింటికి చేరి, సూర్యాస్తమయం పార్కింగు స్థలం నుంచే చూశాం. మీరు మామూలు చేతి గడియారం ఒకటి పెట్టుకుని, మార్చవలసిన చోట మీ చేత్తోనే మార్చుకోండి.

ఇక ఇంటిపని. నీళ్ళ దగ్గర మొదలుపెడతాను. 25 అడుగుల ఆర్‌వీలో మంచినీళ్ళ ట్యాంకు సుమారు 40 గాలన్లు, అంటే 150 లీటర్లు ఉంటుంది. గాలన్లలో చెబితే మనకు తట్టదు. అది ఎనిమిది బకెట్లు. ఇద్దరి స్నానాలు, వంట, అంట్లు, మరుగుదొడ్డి అన్నీ ఆ ఎనిమిది బకెట్లలోనే. అమెరికాలో ఒక మనిషి షవరు కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే మూడు బకెట్లు పోతాయి. బకెట్టు, చెంబు చూసి పెరిగినవాళ్ళం కనుక ఈ విషయంలో మనకు ఇబ్బంది ఉండకూడదు; ఒళ్ళు తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పండి. ఇబ్బంది వచ్చేది బియ్యం మూడుసార్లు కడగడం దగ్గర, పారే నీళ్ళ కింద అంట్లు తోమడం దగ్గర. వాడిన నీళ్ళు చేరే ట్యాంకు ఇంకా చిన్నది, మంచినీళ్ళు అయిపోక ముందే అది నిండి స్నానాల గదిలో పైకి తన్నుతుంది. పళ్ళాల్లోని పప్పునూ నూనెనూ ముందు కాగితంతో తుడిచేసి తర్వాత కడగండి.

మరుగుదొడ్డి నుంచి వచ్చేదంతా చేరే మరుగు ట్యాంకు ఖాళీ చేయడం మీవారి పని. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ ప్రయాణం కావాలన్నది ఆయన. చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం రెండు కొసలూ బిగించి, ముందు మరుగు ట్యాంకు వదిలి, ఆ తర్వాత వాడిన నీళ్ళ ట్యాంకు వదలాలి. ఈ వరస తప్పకపోతే రెండో ట్యాంకులోని సబ్బు నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. మురుగు గొట్టం తగిలించి ఉన్నచోట కూడా మరుగు ట్యాంకు మర మాత్రం మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారి వదలాలి. తెరిచి ఉంచితే నీరు జారిపోయి మిగిలినది అడుగున గట్టిపడుతుంది, అద్దె వెనక్కి ఇచ్చేటప్పుడు దానికి విడిగా రుసుము వేస్తారు. నీళ్ళతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ లాభమే, ఆ ట్యాంకుకు నీళ్ళు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వంట మీరు చేయడానికి ఒప్పుకుంటే పగలు ఒక్కపూటే ఒప్పుకోండి. పోపు వేసే ముందు పైకప్పు కిటికీ మూత తెరిచి ఫ్యాను తిప్పండి. ఆ ఇరుకులో నాలుగు ఎండుమిరపకాయలు నూనెలో పడగానే పొగ గంట మోగుతుంది, పక్క బండ్లవాళ్ళు కుక్కతో సహా బయటికి వస్తారు. మాకు ఇది రెండుసార్లు జరిగింది, రెండోసారి ఒకాయన సాంబారు రుచి చూసి గిన్నె వెనక్కి ఇవ్వడానికి మొహమాటపడ్డాడు. 7,000 అడుగుల ఎత్తున నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి కనుక కందిపప్పు విడి గిన్నెలో ఒక పట్టాన మెత్తబడదు. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తప్పక పెట్టుకోండి, ఇంట్లో మూడు కూతలు చాలే పప్పుకు అక్కడ అయిదు రానివ్వండి. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇక్కడి కరెంటుకు సరిగా తిరగదు, పొడులూ పచ్చళ్ళూ ఇంట్లోనే చేసుకుని వెళ్ళండి. నేల దగ్గర గోడకు ఉండే గ్యాసు గంట దేనితోనూ మూసుకుపోకుండా చూడండి. ప్రొపేన్ గాలి కంటే బరువైనది, కారితే ముందు కిందనే చేరుతుంది.

రాత్రి భోజనం బయట. దారిలో శాకాహారం దొరకదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఆ ప్రాంతమంతా మెక్సికన్ వంటకాలు ఉంటాయి. బీన్స్‌లో పందికొవ్వు వేశారా, అన్నం మాంసం రసంలో వండారా అని రెండు ప్రశ్నలు అడిగి తెప్పించుకోండి. పచ్చి మిరపతో చేసే అక్కడి పులుసు మనకు పరాయిగా ఉండదు గాని, అందులోనూ పందిమాంసం ముక్కలు వేసేచోట్లు ఉన్నాయి, అదీ అడగండి.

బండి నడపడం మీరు కూడా నేర్చుకోవాలని నా కోరిక. ఈ తరగతి ఆర్‌వీకి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. ఖాళీ పార్కింగు స్థలంలో గంటసేపు తిప్పి చూస్తే చాలు, మలుపులో వెనకభాగం ఎదుటి దిక్కుకు ఎంత ఊగుతుందో కంటికి తెలుస్తుంది. ఇద్దరికీ స్టీరింగు చేతిలోకి వస్తే ఇద్దరికీ కిటికీ పక్క సీటు కూడా వస్తుంది. బండి తీసుకునేటప్పుడు టైరు పక్కన రాసి ఉండే అంకెల్లో చివరి నాలుగు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేడేళ్ళు దాటిన టైరు పైకి ఎంత నల్లగా మెరుస్తున్నా మార్చమని అడగండి. పెట్రోలు గాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్ళే వస్తుంది, 900 మైళ్ళకు 90 నుంచి 113 గాలన్లు లెక్క వేసుకోండి. దీనికి రోజు అద్దె, మైళ్ళ రుసుము, జనరేటరు గంటలు, క్యాంప్‌గ్రౌండ్ అద్దె కలిపితే కారు, హోటలు కంటే ఏమీ చవక కాదు. డబ్బు మిగులుతుందని మీవారు చెప్పి ఉంటే ఆ వాదన కొట్టేయండి.

మా బండికి తగిలిన దెబ్బ కూడా చెప్పి తీరాలి. పేజ్ దగ్గర సాయంత్రం బండి పక్కన నీడకోసం గుడ్డ పందిరి చాపి, గాలి లేదు కదా అని అలాగే వదిలి నడకకు వెళ్ళాం. ఇరవై నిమిషాల్లో ఎక్కడినుంచో గాలి లేచింది. తిరిగి వచ్చేసరికి పందిరి బండి పైకి తిరగబడి, ఒక ఊచ వంగిపోయి, గుడ్డ చిరిగి జెండాలా కొట్టుకుంటోంది. డిపాజిట్ అంతా దానికే పోయింది. పందిరి కింద మనిషి కూర్చుని ఉన్నంతసేపే అది బయట ఉండాలి.

ఇంత చెప్పాక, హోటలు కావాలన్న మీ మాట పక్కనపెట్టి బండి విషయంలో మీవారి వైపు ఎందుకు మొగ్గానో చెప్పకపోతే అన్యాయం. ఆ పాడు జూలైలో కూడా, మాన్యుమెంట్ వ్యాలీలో రాత్రి రెండింటికి, ఉక్కకు నిద్రపట్టక ఇద్దరం తలుపు తీసి మెట్ల మీద కూర్చున్నాం. చుట్టుపక్కల మైళ్ళ దూరం దీపం లేదు. పాలపుంత ఈ కొస నుంచి ఆ కొసకు, మా ఊరి డాబా మీద చిన్నప్పుడు కనిపించినట్టు, పిండి చల్లినట్టు పరుచుకుని ఉంది. ఫీనిక్స్ వచ్చిన ముప్పై ఏళ్ళలో మేము దాన్ని చూడలేదు. మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా గంటసేపు కూర్చుంది, నేను కాఫీ పెట్టి తెచ్చాను. హోటలు గదిలో ఉంటే ఆ సమయానికి తెరలు వేసుకుని పడుకుని ఉండేవాళ్ళం. ఆ తర్వాత మేము మూడుసార్లు ఆర్‌వీలో వెళ్ళాం, మూడూ అక్టోబరులోనే. అంట్లు నేనే తోముతున్నాను.

ఈ జవాబు మీవారికి నిరభ్యంతరంగా చూపించండి. ఎండ గురించిన భాగం ఆయన ఎలాగూ ఒప్పుకోరు, మురుగు గొట్టం గురించి రాసిన దగ్గర మొదలుపెట్టి చదవమనండి.